మాట తడబడిన చిత్రకారుడు కట్టిన నగరం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదు సంవత్సరాల పండుగ జరుపుకొనే ఏ పాఠశాలలోనైనా ముందుగా వినిపించేవి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులైనవారి పేర్లు. వారిలో వైద్యులుంటారు, ఇంజనీర్లుంటారు, ఉన్నతోద్యోగులుంటారు. వారి కీర్తి పాఠశాల కీర్తియే కనుక ఆ పేర్లు వినిపించడం ఉచితమే. అయితే ప్రతి తరగతిలోను చివరి బల్లపై మరొక పిల్లవాడు కూర్చుని ఉంటాడు. పేరు పిలిస్తే ఉలిక్కిపడతాడు. ప్రశ్న వేస్తే మాట పెగలదు. నోటుపుస్తకం వెనుక పుటలో మాత్రం ఏవో గీతలు గీసుకుంటూ ఉంటాడు. జూబిలీ సంచికలలో అతని పేరు కనబడదు. నేటి ప్రసంగం అటువంటి ఒక పిల్లవాని గురించి. అతడు పెరిగి పెద్దవాడై చిత్రకారుడైనాడు. అతడు నివసించి బొమ్మలు వేసిన చోటు ఈ షోళింగనల్లూరుకు ఎంతో దూరం కాదు.

ఇక్కడి నుండి తూర్పుగా సముద్రం వైపు వెళితే బకింగ్‌హాం కాలువ వస్తుంది. ఒకప్పుడు ఆంధ్రతీరం నుండి మద్రాసుకు సరుకుల పడవలు నడిచిన కాలువ అది. దానిని దాటి తూర్పుతీరపు రహదారి నెక్కి కొంత ఉత్తరానికి సాగితే ఈంజంబాక్కం. నేడు నగరపాలక సంస్థవారి షోళింగనల్లూరు మండలంలోనే అదీ చేరియున్నది. అక్కడ ‘చోళమండల్ కళాకారుల గ్రామం’ అన్న బోర్డు ఈ సభలోని వారు ఎన్నోసార్లు చూచే ఉంటారు. బస్సు కిటికీలో నుండి చూచినవారే ఎక్కువ. లోనికి వెళ్లినవారు తక్కువ.

ఆ గ్రామం 1966లో వెలసినది. దానికి మూలపురుషుడు కె.సి.ఎస్. పణిక్కర్. ఆయన 1911లో కోయంబత్తూరులో జన్మించినారు. చిన్ననాటి నుండి ప్రకృతి దృశ్యాలు చిత్రించడంలో దిట్ట. అయినా కుటుంబభారం మీద పడినందున ముందు తంతిశాఖలో ఉద్యోగం చేయవలసి వచ్చినది. 1936లో, ఇరువదియైదవ ఏట, మద్రాసు కళాశాలలో విద్యార్థిగా చేరినారు. అది 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు స్థాపించిన కళాశాల. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దానికి మొట్టమొదటి భారతీయ అధ్యక్షుడైనారు. మెరీనా తీరంలో బండరాయిని కదలించే నలుగురు శ్రామికుల విగ్రహాన్ని చూడనివారు ఈ సభలో ఉండరు. దానిని మలచినది ఆయనే. పణిక్కర్ ఆ కళాశాలలోనే అధ్యాపకుడై, 1944లో ప్రోగ్రెసివ్ పెయింటర్స్ అసోసియేషన్ స్థాపించి, 1957లో రాయ్ చౌధురి అనంతరం ప్రధానాచార్యుడైనారు.

ఆయనకు ఒక చింత ఉండేది. ప్రతిభగల విద్యార్థులు ఐదారేండ్లు శ్రమించి చిత్రకళ నేర్చుకొంటారు. పట్టా చేతికి రాగానే పొట్టకూటికై ఏదో గుమాస్తా పనిలో చేరి కుంచె వదిలివేస్తారు. చిత్రాలు కొనేవారు ఆ రోజులలో బహు స్వల్పం. కళను అమ్ముకొనక బ్రతికేది ఎట్లు? బ్రతుకుతెరువు కొరకు కళను చంపుకొనకుండ ఉండేది ఎట్లు? ఈ చిక్కుముడికి ఆయన, ఆయన శిష్యులు కలిసి ఒక ఉపాయం కనుగొన్నారు. బాతిక్ అద్దకం, తోలుపని, లోహపు పని వంటి చేతిపనులు చేసి, వాటి అమ్మకంతో కడుపు నింపుకొని, మిగిలిన వేళ తమకు తోచిన చిత్రాలు, శిల్పాలు చేసుకోవాలన్నదే ఆ ఉపాయం. ఆ ఆదాయంతోనే ఇసుకనేలలో, సరుగుడు తోటల నడుమ, జాలరిపల్లెల పక్కన స్థలం కొన్నారు. కుటీరాలు కట్టుకొన్నారు. ప్రభుత్వ సహాయానికై ఎదురుచూడలేదు. చోళమండలం అన్న ప్రాచీన నామమే పాశ్చాత్యుల నోట కోరమాండల్ అయినది. ఆ పాత పేరునే కళాకారులు తమ గ్రామానికి పెట్టుకొన్నారు.

పణిక్కర్ శిష్యులలో మనవారూ ఉన్నారు. 1932లో జన్మించిన ఎం. రెడ్డెప్పనాయుడు తెలుగువారు. చర్చి కట్టడాలను, దేవతామూర్తులను, సంగీత విద్వాంసులను వరుస శ్రేణులుగా చిత్రించి అఖిలభారత ఖ్యాతి గడించినారు. నేతకారుల సేవాకేంద్రంలో ఉద్యోగం చేస్తూనే కుంచె విడువని నిష్ఠ ఆయనది. 1999లో దివంగతులైనారు. చోళమండల్‌లో స్థిరపడిన జె. సుల్తాన్ ఆలీ అంతకు పూర్వం నాటి చిత్తూరు జిల్లాలోని ఋషివ్యాలీ పాఠశాలలో చిత్రకళ బోధించినవారు. ఇట్లు ఆ గ్రామానికి, తెలుగునేలకు గల బంధం ఒకటి కాదు.

ఇక అసలు కథకు వద్దాం.

మద్రాసు కళాశాలలో పణిక్కర్‌కు కె. రామానుజం అనే శిష్యుడుండేవాడు. 1940 ప్రాంతంలో పుట్టినవాడు. అతనికి మాట స్పష్టంగా వచ్చేది కాదు. మనస్సు కూడ ఆరోగ్యంగా ఉండేది కాదు. లోకవ్యవహారం తెలియదు. నలుగురిలో కలువలేడు. ఇటువంటి పిల్లలకు లోకం ఏ పేర్లు పెడుతుందో ఈ సభవారికి చెప్పనక్కరలేదు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అన్నది మన సామెత. మంచి సామెతయే, కాని నోరే సహకరించని వానికి ఏ ఊరు మంచిదవుతుంది? లోకమంతా మాటమీద నడుస్తుంది. బడిలో అప్పజెప్పవలసినది మాటతోనే. ఉద్యోగానికి వెళితే పరీక్షించేది మాటనే. స్నేహానికి మూలం మాటయే. ఆ ద్వారం మూసుకొన్న వానికి మిగిలిన ద్వారాలు కూడ ఒక్కటొక్కటిగా మూసుకుపోతాయి.

ఊరు తనకు లేదని గ్రహించిన రామానుజం తానే ఒక ఊరు కట్టినాడు. కలం, సిరా, కాగితం ఆ ఊరికి ఇటుకలు, సున్నం, కలప అయినవి.

ఆయన చిత్రాలను చూచినవారికి ముందుగా కనబడేది గీతల సాంద్రత. సన్నని సిరాగీతలు వేలకు వేలు, ఒకదాని పక్కన ఒకటి, ఒకదానిపై ఒకటి, వస్త్రంలో పడుగుపేకల వలె అల్లుకొని ఉంటాయి. ఎక్కడ గీతలు చిక్కనైనవో అక్కడ చీకటి, పలుచనైనచోట వెలుగు. ఆ వెలుగునీడలలో నుండి ఒక నగరం పైకి లేస్తుంది. కమానులు, స్తంభాలు, గుమ్మటాలు, గోపురాలు, మెట్లవరుసలు, మండపాలు కనబడతాయి. వాటి నడుమ రెక్కలున్న మృగాలు, చుట్టలు చుట్టుకొన్న సర్పాలు, అలంకరించుకొన్న స్త్రీలు. చందమామ కథలలోని రాజధాని వలె ఉంటుంది. కాని ఏ కథకు వేసిన బొమ్మా కాదు. ఆ కథ చిత్రకారునికి మాత్రమే తెలుసు.

ఇది ఊహానగరమే. అయినా మద్రాసు వీధులలో తిరిగినవారికి అది పూర్తిగా పరాయి నగరంగా తోచదు. చేపాక్ భవనం గుమ్మటాలు, విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్ స్తంభాలు, 1892లో కట్టిన హైకోర్టు బురుజులు, కపాలీశ్వర, పార్థసారథి ఆలయ గోపురాలు చూచి పెరిగిన కన్ను ఎటువంటి కలలు కంటుందో ఆ చిత్రాలు చెబుతాయి. ఒకే వీధిలో గుడి గోపురం, మసీదు మీనారు, చర్చి శిఖరం, నవాబు మహలు కనబడే నగరం మద్రాసు. మనము వాటిని దాటి కార్యాలయానికో బజారుకో పోతాము. చూడము. రామానుజం చిత్రాలలో అవన్నీ కరగి, కలసి, కొత్త కట్టడాలై లేచినట్లుంటాయి. నగరదృశ్యమంటే కెమెరా వలె ఉన్నదున్నట్లు దించడం ఒక పద్ధతి. ఆ నగరం ఒకని హృదయంలో ఏ రూపం దాల్చినదో చూపడం మరొక పద్ధతి. రెండవదే కష్టతరం.

ఆ నగరంలో ఒక మనిషి మాటిమాటికీ ప్రత్యక్షమవుతాడు. తలపై టోపీ ధరించి ఉంటాడు. అతడే రామానుజం. నిజజీవితంలో మూలన నిలిచినవాడు తన చిత్రంలో నడిమధ్య ఉంటాడు. అక్కడ అతనిని ఎవరూ ఎగతాళి చేయరు. అతడు సంభాషించనక్కరలేదు, అతడు ఉన్నాడన్న మాటే చాలు, ఆ నగరానికి అర్థం వస్తుంది.

రూపచిత్రం గురించి విద్యార్థులు ఒక విషయం గ్రహించవలెను. ముక్కు ముక్కు వలె, కన్ను కన్ను వలె దించితే పోలిక వస్తుంది, మనిషి రాడు. మెరీనాలోని శ్రామికుల విగ్రహంలో ముఖాలకన్న ముందు బిగిసిన కండరాలు, వంగిన వెన్నులు మాట్లాడుతాయి. అదియే భావప్రకటన. రామానుజం తన ముఖాన్ని అందంగా చూపుకొనే ప్రయత్నం చేయలేదు. ఆ టోపీ క్రింది ముఖంలో గొప్పతనమూ ఉన్నది, బెదురూ ఉన్నది. సింహాసనం దొరికినవాని గర్వం, అది ఎంతసేపుంటుందోనన్న సంశయం రెండూ ఒకేచోట కనబడతాయి. పసిపిల్లలు అద్దం ముందు నాన్నగారి కళ్లజోడు పెట్టుకొని చూచుకొన్నప్పటి ముఖం అది. చూచేవారికి నవ్వు వస్తుంది. ఆ వెంటనే గొంతు పట్టుకొంటుంది.

ఇక్కడ గురువు పాత్రను చెప్పుకొనక తప్పదు. పణిక్కర్ అప్పటికే దేశంలో పేరెన్నికగన్న చిత్రకారుడు. ఆయన బాట వేరు. 1963 నుండి ఆయన ‘పదాలు, సంకేతాలు’ అనే శ్రేణిలో లిపిని, గణితచిహ్నాలను, జాతకచక్రాలను పోలిన రూపాలను చిత్రిస్తున్నారు. రామానుజం కలలకు, ఆ గురువు మార్గానికి పోలిక లేదు. అయినా గురువు శిష్యుని తన దారికి మళ్లించలేదు. ‘ఇది కాలానికి తగిన పద్ధతి కాదు, ఇట్లు వేయవద్దు’ అని వారించలేదు. ఆ గీతలలో ఒక ప్రపంచమున్నదని గుర్తించి, తన గ్రామంలో చోటిచ్చినారు. బడిలో బోధించేవారందరు ఒక్కక్షణం ఆగి ఆలోచించవలసిన సంగతి ఇది. శిష్యుడు తనవలె కావాలని కోరని గురువులు ఎందరుంటారు?

ఆంధ్రదేశంలోనూ ఇటువంటి గురుశిష్య బంధం ఒకటి చరిత్రలో నిలిచినది. రాజమహేంద్రవరం కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు దామెర్ల రామారావు అనే బాలునిలోని చిత్రకారుని కనిపెట్టినాడు. ప్రోత్సహించి బొంబాయి జె.జె. కళాశాలకు పంపడానికి కారకుడైనాడు. ఆ రామారావే తిరిగి వచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో, ఇరువదియెనిమిదవ ఏటనే మశూచికానికి బలియైనాడు. ఆయన పేరిట అక్కడ చిత్రశాల ఉన్నది. కూల్డ్రే కన్ను పడకపోతే ఆంధ్ర చిత్రకళకు ఆ అధ్యాయమే లేదు. పాఠ్యపుస్తకంలో లేనిదానిని పిల్లవానిలో చూడగల కన్ను ఉపాధ్యాయునికి ఉండవలసిన మొదటి అర్హత.

రామానుజం కథ ఇక్కడితో ఆగితే శుభాంతమే. కాని అది ఆగలేదు. ఆగినట్లు చెప్పడం ఆయనకు అన్యాయం, ఇక్కడి తల్లిదండ్రులకు అపకారం. 1973లో, ముప్పదుల తొలిభాగంలోనే, ఆయన తన ప్రాణం తానే తీసుకొన్నారు.

గుర్తింపు ఉన్నది, గురువు ఉన్నాడు, చుట్టూ తోటి కళాకారులున్నారు. అయినా అట్లు జరిగినది. కారణమేమని ఈనాడు ఎవరూ నిర్ణయించి చెప్పజాలరు, చెప్పబూనడం తగదు. ఒక్కటి మాత్రం స్పష్టం. కళ ఒక మనిషికి ఆసరా కాగలదు, వైద్యం కాజాలదు. ‘బాధలేనిదే కళలేదు, మహాకళాకారులందరు ఇట్లే ఉంటారు’ అన్న మాట వినడానికి గంభీరంగా ఉంటుంది. అది పిల్లలకు చెప్పదగిన మాట కాదు. రామానుజం ఆరోగ్యంగా మరి ముప్పదియేండ్లు జీవించి ఉంటే ఆ నగరంలో ఇంకెన్ని వీధులు లేచేవో! ఆ బాధ లోకానికి ఇచ్చినదానికన్న అపహరించినదే ఎక్కువ.

ఆ రోజులలో మనోవ్యాధి అంటే ఇంటిపరువు పోయే విషయం. తాయెత్తులు, మొక్కుబడులు, గదిలో పెట్టి తాళం వేయడం, ఇవి చాలా ఇండ్లలో చికిత్సలు. కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరు చెప్పి పిల్లలను బెదరించే అలవాటు ఈ నగరంలో ఉండేది. ఆ ఆసుపత్రికే అధ్యక్షురాలై పనిచేసిన డాక్టర్ శారదా మేనన్ మన దేశంలో తొలి మహిళా మనోవైద్యురాలు. రోగిని గోడల నడుమ బంధించక కుటుంబం మధ్యనే కోలుకొనేటట్లు చేయవలెనని ఆమె సంకల్పం. 1984లో ఈ నగరంలోనే స్కార్ఫ్ అనే సంస్థను నెలకొల్పినారు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇరువదియొక్క విధాల వైకల్యాలను గుర్తించినది. వాటిలో వాక్కుకు సంబంధించిన లోపం, చదువు నేర్చుకొనుటలో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బంది, మానసిక రుగ్మత కూడ చేరియున్నవి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అన్న సంఖ్య ఉన్నది. రామానుజం కాలంలో లేని తలుపులు ఇవి. తట్టడానికి తల్లిదండ్రులు సిగ్గుపడితే, ఉపాధ్యాయులు ఉపేక్షిస్తే, ఆ తలుపులు ఉన్నా లేనట్లే.

సభలోని పెద్దలకు మూడు మనవులు.

తల్లిదండ్రులకు మొదటిది. పిల్లవాడు గీసిన బొమ్మను చూచినప్పుడు ‘దీనికి ఎన్ని మార్కులు?’ అని అడుగకండి. ‘ఇది ఏమిటి నాన్నా?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చును. వేచియుండండి. ‘అడగనిదే అమ్మయినా పెట్టదు’ అంటారు. అడగలేని బిడ్డలు కొందరుంటారు. వారి విషయంలో ఆ సామెతను అమ్మలే అబద్ధం చేయవలెను. బిడ్డ రోజుల తరబడి తినక, నిద్రించక, ఎవ్వరితోను కలువక ముడుచుకొనిపోతే దానిని మొండితనమనుకొని దండింపక వైద్యునివద్దకు తీసికొనిపొండి. జ్వరం వస్తే దాచుకొంటామా?

రెండవది ఉపాధ్యాయులకు. పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట బలియయ్యేది డ్రాయింగు పీరియడు. గణితానికి ఒక గంట, సామాన్యశాస్త్రానికి మరొక గంట అదనంగా కావలసివచ్చినపుడు ఆ గంటనే తీసుకొంటారు. తరగతిలో నలుబదిమందికి అది విశ్రాంతి కావచ్చును. చివరి బల్లమీది ఒక్కనికి మాత్రం వారం మొత్తంలో తాను మాట్లాడగల గంట అదొక్కటే. దానిని లాగికొనడమంటే వాని నోరు మూయడమే.

మూడవది పూర్వ విద్యార్థులకు. పాఠశాలకు ఏదైనా చేయవలెనన్న కోరిక ఈ రోజు మీ అందరి హృదయాలలో ఉన్నది. బీరువాలు, పంకాలు, కంప్యూటర్లు మంచి కానుకలే. వాటితోపాటు మీ తరగతిలోని ఆ చివరి బల్లవాడు ఎక్కడ ఉన్నాడో ఒకసారి విచారించండి. నాడు అతనిని చూచి నవ్వినవారిలో మనమూ ఉన్నామేమో జ్ఞాపకం చేసికొనండి. ఈ సభకు అతడు వచ్చి వెనుక వరుసలో కూర్చుని ఉంటే, లేచిపోకముందే అతని పక్కకు వెళ్లి కూర్చోండి.

విద్యార్థులారా! ఈంజంబాక్కం గ్రామంలో 2009లో సమకాలీన కళాకేంద్రం తెరిచినారు. మద్రాసు కళోద్యమానికి చెందిన చిత్రకారుల, శిల్పుల కృతులు అందులో ఉన్నవి. అమ్మానాన్నలను అడిగి ఒక ఆదివారం వెళ్లండి. బొమ్మముందు నిలబడి, దానిక్రింది పేరు చదివి, వెంటనే పక్కబొమ్మకు పోవద్దు. సినిమాకు రెండున్నర గంటలు కూర్చొనేవారు ఒక చిత్రం ముందు ఐదు నిమిషాలు నిలబడలేరా? మొదటి నిమిషంలో గీతలే కనబడతాయి. రెండవ నిమిషంలో కట్టడాలు కనబడతాయి. ఐదవ నిమిషానికి ఆ కట్టడాలలో ఎవరో తిరుగుతున్నట్లు తోస్తుంది. తిరిగి ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నుండి మన షోళింగనల్లూరును అదే కన్నుతో చూడండి. ఆకాశాన్నంటే అద్దాల కార్యాలయాలు, వాటి నీడలో కొబ్బరిబొండాల బండి, కాలువగట్టుపై కొంగలు, జంక్షన్‌లో బస్సులకై నిలిచిన వందల ముఖాలు కనబడతాయి. ఒక్కొక్క ముఖం వెనుక ఒక్కొక్క నగరమున్నది. దానిని చూడడం నేర్పనిదే చదువు పూర్తికాదు.

డెబ్బదియైదేండ్లలో ఈ పాఠశాల ద్వారం నుండి వేలాది బిడ్డలు బయటికి నడిచినారు. బాగా మాట్లాడగలవారికి లోకమే చోటిస్తుంది. మాట తడబడేవారికి చోటు ఇవ్వవలసినది పాఠశాల. శతజయంతినాటి సంచికలో ప్రథమశ్రేణివారి పేర్లతోపాటు ఆ చివరి బల్లమీది బిడ్డల బొమ్మలు కూడ అచ్చుకావలెనని, అప్పటికి వారందరు ఆరోగ్యంగా, ఆనందంగా ఈ ప్రాంగణానికి తిరిగి రావలెనని ఆకాంక్ష.